ఉమ్మడి సొమ్ముతో వైద్యము: వైద్యునికి నేర్పవలసిన విద్య

మన సీమలో చెరువుకట్ట నెరుగనివారు లేరు. ధర్మవరము చెరువు, బుక్కపట్టణము చెరువు వంటి పెద్దవి మొదలుకొని ఊరికొక కుంట వరకు, వానలు తప్పిన యేండ్లలో మన తాతలను నిలిపినవి ఆ కట్టలే. కాని కట్ట యొక్కటే పైరును పండింపదు. తూము ఎప్పుడు తెరువవలెనో, ఎవరి మడికి ఎంత నీరు పారవలెనో, ఆయకట్టు చివరనున్నవాని పొలము ఎండకుండ ఎట్లు చూడవలెనో తెలిసిన నీరుగంటి యొకడుండవలెను. నీరుగంటికి ఆ తెలివి లేనిచో నిండిన చెరువు క్రిందనే పైరు మాడిపోవును.

నేడు వైద్యమునకు కావలసిన ధనమును అట్టి చెరువువలె నొకచోట కూర్చుచున్నారు. రోగము వచ్చిన దినమున రోగి తన మూట విప్పి ఇచ్చుట కాక, ముందుగానే పన్నుల రూపమునను, చందాల రూపమునను చేరిన ఉమ్మడి సొమ్మునుండి ఆసుపత్రికి చెల్లింతురు. ఏ చికిత్సకు ఎంత ఇయ్యవలెను, ఎవరి అనుమతితో చేయవలెను, ఏ ఆసుపత్రిలో చేయవలెను అను నియమములు ముందే వ్రాయబడి యుండును. ఈ పద్ధతికి పాశ్చాత్యులు ‘మేనేజ్డ్ కేర్’ అని పేరు పెట్టిరి. మనము దీనిని నియమిత వైద్యము అందము. ఈ వైద్యములో తూము చెంత నిలుచువాడు వైద్యుడు. అతనికి రోగములను గూర్చిన విద్య కళాశాలలో నేర్పుదురు. తూమును గూర్చిన విద్యను ఎవరు నేర్పిరి? ఎప్పుడు నేర్పిరి? నేర్పనిచో ఏమి జరిగినది? ఈ ప్రసంగమున ఆ చరిత్రను కొంత విన్నవించెదను.

సంఘము ముందుగా ధనము కూర్చి వైద్యము నడపుట మనకు క్రొత్త కాదు. కాకతి రుద్రమదేవి కాలమున, క్రీ.శ. 1261లో వేయించిన మల్కాపురము శాసనము గుంటూరు ప్రాంతమున నున్నది. అందు విశ్వేశ్వర శివాచార్యుల మఠమునకు ఇచ్చిన గ్రామముల ఆదాయముతో విద్యార్థుల పోషణ, అన్నసత్రము మాత్రమే కాక ప్రసూతిశాల, ఆరోగ్యశాల కూడ నడపవలెనని వ్రాసియున్నది. పొలము పంట వైద్యమునకు మూలధనమైనది. అయితే ఆనాటి వైద్యుడు ఎవరిని చూచుచున్నాడో ఊరివారందరికి తెలియును. ధనమిచ్చువాడు, వైద్యము చేయువాడు, రోగి ముగ్గురును ఒకే గాలి పీల్చినవారు. వారి నడుమ కాగితము లేదు.

ఆంగ్లేయుల కాలమున ఈ దగ్గరితనము తప్పిపోయినది. చెన్నపట్టణమున 1835లో వైద్య పాఠశాల ఏర్పడినది. అదియే 1850లో మద్రాసు వైద్య కళాశాల యయ్యెను. మన ఆంధ్ర ప్రాంతమునకు 1923లో విశాఖపట్టణమున వైద్య కళాశాల వచ్చినది. కళాశాలలో పట్టము పొందినవారు కొందరు. పాఠశాలలలో తక్కువ కాలము చదివి ‘ఎల్.ఎం.పి.’ అను యోగ్యతాపత్రము పొందినవారు కొందరు. ఇరువురకును విద్య నేర్పినది పట్టణమందలి పెద్ద ఆసుపత్రియే. రోగి అక్కడికి వచ్చును, పడకపై పరుండును, కుదిరిన పిమ్మట పోవును. అతడు వచ్చిన ఊరును, పోయిన ఊరును వైద్య విద్యార్థి కన్నులతో చూడడు.

పానగల్ రాజావారు మద్రాసు రాజధానిలో ముఖ్యమంత్రిగా నున్న కాలమున, 1924 ప్రాంతమున, ప్రభుత్వమొక క్రొత్త యేర్పాటు చేసినది. వైద్యుడు పల్లెలో కాపురముండవలెను. అతనికి యేటేట ప్రభుత్వము కొంత సొమ్మును, మందులను ఇచ్చును. బీదలకు అతడు ఉచితముగా వైద్యము చేయవలెను. కలిగినవారివద్ద రుసుము పుచ్చుకొనవచ్చును. దీనినే గ్రామ సహాయ వైద్యుల పథకమనిరి. ఉమ్మడి సొమ్ముతో, నియమముతో, నిర్ణీతమైన ఊరివారికి వైద్యము చేయించు ప్రయత్నము మన రాజధానిలో ఆ విధముగా మొదలైనది. ఇందలి సదుద్దేశము మెచ్చదగినది. అయితే వైద్యునికి జీతమునకు మార్గము చూపిరి కాని, ఆ పనికి తగిన శిక్షణ చూపలేదు. పట్టణపు ఆసుపత్రిలో నర్సులు, పరీక్షశాల, పై వైద్యులు ఉండగా నేర్చిన విద్యతో అతడు పల్లెలో ఒంటరిగా నిలువవలసి వచ్చెను. రుసుమిచ్చు ధనికుడొకవైపు, ఉచితముగా చూడవలసిన బీద మరియొకవైపు ఒకే వాకిట నిలిచినప్పుడు ఎవరిని ముందు చూడవలెనను ధర్మసూక్ష్మమును ఏ పాఠశాలయు అతనికి బోధింపలేదు.

ఈ లోపమును గుర్తించినవారు లేకపోలేదు. 1943లో భారత ప్రభుత్వము సర్ జోసెఫ్ భోర్ అధ్యక్షతన నొక సంఘమును నియమించినది. ఆ సంఘము 1946లో తన నివేదికను సమర్పించెను. ధనము ఇయ్యలేడను కారణముచేత ఎవడును వైద్యమునకు దూరము కారాదని అందు తీర్మానించిరి. మొదటి మెట్టుగా నలుబదివేల జనమునకొక ప్రాథమిక ఆరోగ్య కేంద్రము ఉండవలెననిరి. అంతటితో నిలువక, అట్టి కేంద్రములలో పనిచేయు వైద్యుడు రోగము వచ్చిన తరువాత మందిచ్చువాడు మాత్రమే కారాదనియు, రోగము రాకుండ కాచువాడు కావలెననియు, అందులకై మూడు మాసముల ప్రత్యేక శిక్షణ పొందవలెననియు చెప్పిరి. భవనమును, వైద్యుని శిక్షణను ఒకే నివేదికలో జతపరచిన దూరదృష్టి వారిది. తరువాతి దశాబ్దములలో ఆరోగ్య కేంద్రముల భవనములు లేచినవి. శిక్షణ మాత్రము వెనుకబడెను. దేశమున వైద్య కళాశాలలను ఆరోగ్య కేంద్రములతో ముడివేయవలెనని 1977లో మరల ఒక పథకము పెట్టవలసి వచ్చెననిన, ముప్పది యేండ్లలో ఆ సలహా ఎంతవరకు నెరవేరెనో పెద్దలు గ్రహింపగలరు.

ఇక్కడ ‘రెసిడెంటు’ అను మాటను కొంచెము వివరింపవలెను. వైద్య పట్టము పొందిన యువకుడు గాని యువతి గాని శస్త్రచికిత్స, ప్రసూతి, శిశువైద్యము వంటి ఒక శాఖలో ఇంకను నేర్చుటకై పెద్ద ఆసుపత్రిలో మూడేండ్లు పనిచేయుచు చదువుదురు. అమెరికాలో బాల్టిమోరు నగరమందు 1889లో తెరచిన జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో విలియం ఆస్లరు మొదలగువారు ఈ పద్ధతిని స్థిరపరచిరి. అట్టి శిష్యులు ఆసుపత్రిలోనే నివసించెడివారు గనుక రెసిడెంట్లు, అనగా నివాస వైద్యులు, అయిరి. మన పెద్దాసుపత్రులలో అర్ధరాత్రి వచ్చిన రోగిని మొదట చూచునది సాధారణముగా వీరే. రోగ చరిత్రను కాగితముపై మొదట వ్రాయునది కూడ వీరే.

నియమిత వైద్యమునకు తొలి పాఠములలో నొకటి అమెరికాలోని యొక యెడారిలో పుట్టినది. అక్కడి పరిస్థితి మన సీమవారికి సులభముగా బోధపడును. 1933లో కాలిఫోర్నియా రాష్ట్రమున దూరపు నది నీటిని నగరములకు తెచ్చు కాలువ త్రవ్వుచుండిరి. ఆ కూలీల కొరకు సిడ్నీ గార్ఫీల్డు అను యువ వైద్యుడు డెజర్ట్ సెంటర్ అనుచోట పండ్రెండు పడకల ఆసుపత్రి పెట్టెను. గాయపడినవారికి వైద్యము చేసి, పిమ్మట సొమ్ము అడిగినచో భీమా కంపెనీలు ఆలస్యముగా ఇచ్చెడివి, కొన్ని ఇచ్చెడివి కావు. ఆసుపత్రి మూతపడు స్థితికి వచ్చెను. అప్పుడు తలకొక్కింటికి దినమునకు ఐదు సెంట్లు ముందుగా చెల్లించు ఏర్పాటు చేసికొనిరి. దానితో ఆసుపత్రి నిలిచినది.

ఆ మార్పు వైద్యుని మనస్సును కూడ మార్చినదని చెప్పుదురు. అంతవరకు కూలీకి గాయమైననే అతనికి రాబడి. ముందుగా సొమ్ము చేరిన తరువాత కూలీ క్షేమముగా నుండుటయే అతనికి లాభము. కాబట్టి అతడు పనిచేయు చోటికి పోయి పైకి లేచిన మేకులు కొట్టించి, సొరంగములలో రాళ్లు పడకుండ దూలములు పెట్టింపుమని చెప్పెడివాడట. ఆ యేర్పాటు తరువాత హెన్రీ కైజరు అను పారిశ్రామికుని ఆదరమున పెరిగి 1945లో సామాన్య ప్రజలకును తెరువబడెను. 1973లో అమెరికా ప్రభుత్వము ఇట్టి సంస్థలకు అనుకూలముగా శాసనము చేసినది.

కాని ముందుగా చెల్లించిన సొమ్మునకు రెండు ముఖములు కలవు. వైద్యుడు ధర్మపరుడైనచో రోగము రాకుండ చూచును. లోభియైనచో రోగము వచ్చినను చూడకుండ సొమ్ము మిగుల్చుకొనును. 1990 తరువాత అమెరికాలో లాభాపేక్షగల కంపెనీలు ఈ రంగమున బలపడగా, అనుమతి నిరాకరించిరనియు, ఆసుపత్రినుండి తొందరగా పంపివేసిరనియు ప్రజలలో ఆగ్రహము పెరిగినది. అప్పుడే అక్కడి గురువులలో పెద్ద చర్చ సాగెను. రెసిడెంట్లకు ఈ నియమములు నేర్పినచో వారు కంపెనీలకు గుమాస్తాలగుదురని కొందరు వాదించిరి. నేర్పకపోయినంత మాత్రమున నియమములు మాయము కావు, ఎరుగని వైద్యుడు రోగిని కాపాడలేడని మరికొందరు వాదించిరి. తుదకు 1999లో రెసిడెంట్ల శిక్షణను పర్యవేక్షించు అక్కడి సంఘము ప్రతి వైద్యునికి ఉండవలసిన యోగ్యతలు ఆరని నిర్ణయించెను. వానిలో నొకటి, తాను పనిచేయు వ్యవస్థను ఎరిగి, రోగికి అందలి మేలు దక్కునట్లు వైద్యము చేయుట. నిదానమువలె, శస్త్రచికిత్సవలె, ఇదియు నేర్పి పరీక్షింపవలసిన విద్యయని ఆ నిర్ణయముయొక్క సారము.

ఇక మన యింటికి వత్తము. 2007 ఏప్రిల్ 1వ తేదీన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఆరోగ్యశ్రీ పథకమును ప్రారంభించినప్పుడు మొదట ఎన్నుకొన్న జిల్లాలు మూడు: మహబూబ్‌నగరము, శ్రీకాకుళము, అనంతపురము. వలసలకును, కరవునకును పేరుపడిన జిల్లాలవి. చెన్నేకొత్తపల్లి అప్పుడు అనంతపురము జిల్లాలోనిది. 2022 ఏప్రిల్ 4 నుండి శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినది. కాబట్టి నియమిత వైద్యము పెద్దయెత్తున తెలుగునాట అడుగిడినప్పుడు దాని తొలి అనుభవము పొందినవారిలో మన హిందూపురము, పెనుకొండ, ధర్మవరము ప్రాంతములవారు ఉన్నారు. 2008 నాటికి అది రాష్ట్రమంతటికి వ్యాపించెను. 2018లో కేంద్ర ప్రభుత్వము ఆయుష్మాన్ భారత్ అను పేర దేశవ్యాప్తముగా నొక పథకము పెట్టినది. మన రాష్ట్ర పథకము పేరు ప్రభుత్వములతో మారుచు వచ్చి, 2024లో మరల ఎన్.టి.ఆర్. వైద్యసేవ యైనది.

మొదట కుటుంబమునకు యేడాదికి లక్షన్నర రూపాయలు, అవసరమైనచో మరి యేబదివేలు అని పరిమితి పెట్టిరి. ప్రభుత్వము భీమా కంపెనీకి చందా కట్టెను. చికిత్సల పట్టిక యుండెను. ప్రతి చికిత్సకు ఇంత యని మొత్తము నిర్ణయించిరి. దీనినే ప్యాకేజీ అందురు. రోగి తెల్లకార్డుతో రాగా ఆరోగ్యమిత్ర యను ఉద్యోగి అతనికి దారి చూపును. ఆసుపత్రి వైద్యుడు రోగ వివరములు, పరీక్షల ఫలితములు కంప్యూటరు ద్వారా పంపును. అక్కడి వైద్యులు చూచి అనుమతి ఇత్తురు. చికిత్స ముగిసి రోగి ఇల్లు చేరిన తరువాత ఆసుపత్రికి సొమ్ము ముట్టును. గుండె శస్త్రచికిత్సకై పొలము అమ్ముకొనవలసిన గతి ఎన్నో కుటుంబములకు దీనివలన తప్పినది. ఈ మేలును తక్కువ చేసి చెప్పుట న్యాయము కాదు.

అయితే పట్టికలో నున్న చికిత్సకు సొమ్ము కలదు. పట్టికలో లేని మాటకు సొమ్ము లేదు. రక్తపు పోటును యేండ్ల తరబడి అదుపులో ఉంచుటకంటె, అది ముదిరిన పిదప చేయు పెద్ద చికిత్సకు ఎక్కువ ధనము వచ్చును. గర్భసంచి తొలగించు శస్త్రచికిత్సలు ప్రైవేటు ఆసుపత్రులలో అవసరము లేకయే జరుగుచున్నవను ఆందోళన రాష్ట్రమున పుట్టగా, 2011 ప్రాంతమున ఆ చికిత్సను, మరికొన్నింటిని ప్రభుత్వ ఆసుపత్రులకే పరిమితము చేయవలసి వచ్చెను. శాసనముతో తూము మూయవచ్చును. కాని కత్తి పట్టుటకు ముందు ‘ఈ తల్లికి ఇది నిజముగా అవసరమా?’ అని తన్ను తాను ప్రశ్నించుకొను అలవాటు శాసనముతో రాదు. అది గురువు చెంత, యౌవనమున, రోగి పడక ప్రక్కన నేర్వవలసినది.

ఒక వేరుసెనగ రైతుకు రాత్రివేళ గుండెనొప్పి వచ్చినదనుకొందము. 108 బండి అతనిని అనంతపురము పెద్దాసుపత్రికి చేర్చును. 2000 సంవత్సరములో అక్కడ ప్రభుత్వ వైద్య కళాశాల ఏర్పడినది గనుక అది బోధనాసుపత్రి కూడ. రెసిడెంటు డాక్టరు నాడి చూచును, ప్రాణము నిలుపును. ఆ తరువాత అతడు వ్రాయు నాలుగు పంక్తులు రైతుకు రెండవ ప్రాణము. నొప్పి ఎప్పుడు మొదలైనది, ఏ పరీక్ష ఏమి చూపినది, ఏ చికిత్స ఎందులకు అను సంగతులు వ్రాయుటలో లోపమున్నచో అనుమతి ఆలస్యమగును, లేదా నిరాకరింపబడును. అప్పుడు బంధువులు వడ్డీకి అప్పు వెదకుదురు. అనుమతి కొరకు లేని రోగమును వ్రాసినచో అది ఉమ్మడి సొమ్మును దొంగిలించుటయే. ఈ రెండింటి నడుమ సత్యముగా, సంపూర్ణముగా వ్రాయుట నేర్పవలసిన విద్య కాదా?

రైతు ఇంటికి పోవునాడు మరియొక పరీక్ష కలదు. ఏ మాత్ర ఎన్నాళ్లు వాడవలెను, అది ఊరి ఆరోగ్య కేంద్రమున దొరకునా, మరల ఎప్పుడు రావలెను అను మాటలను తెలుగులో విడమరచి చెప్పి, ఊరి వైద్యునికి ఒక లేఖ వ్రాసి ఇయ్యని యెడల లక్షల రూపాయల చికిత్స ఆరు నెలలలో వ్యర్థమగును. పెద్దాసుపత్రి గోడల నడుమనే మూడేండ్లు గడపిన రెసిడెంటుకు ఆ ఆరోగ్య కేంద్రమున ఏమున్నదో, ఏమి లేదో ఎట్లు తెలియును?

ఈ ప్రశ్నకు ప్రత్యుత్తరముగా ఇటీవల మంచి మార్పొకటి వచ్చినది. 2020లో జాతీయ నిబంధనలను సవరించి, 2021లో చేరిన వారు మొదలు పి.జి. వైద్య విద్యార్థి ప్రతివాడును మూడు మాసములు జిల్లా ఆసుపత్రిలో పనిచేయవలెనని విధించిరి. దీనికి జిల్లా రెసిడెన్సీ అని పేరు. భోరు సంఘమువారు 1946లో కోరిన మూడు మాసములే, వేరొక రూపమున, డెబ్బది యైదేండ్లకు వచ్చినవి. ఇందు లాభము రెండు విధములు. జిల్లా ఆసుపత్రికి శిక్షణలోనున్న వైద్యుడు దొరకును. వైద్యునికి జిల్లా దొరకును. ఏ మందు చేరలేదు, ఏ రోగి ఎందుకు ఆలస్యముగా వచ్చెను, కార్డు చేతనుండియు ఎవడు ఎందుకు వెనుదిరిగెను అను సంగతులు అక్కడ కన్నులయెదుట కనబడును.

కాని మూడు మాసములు ఊరక గడచిపోవచ్చును. పడకలు చూచి, సంతకము పెట్టి, తిరిగి పట్టణము చేరినచో అది శిక్షణ కాదు, ఊడిగము. దానిని విద్యగా మార్చుటకు గురువు వలెను. ఏ చికిత్సకు ఎంత ఖర్చగునో లెక్క చెప్పించువాడు, నిరాకరింపబడిన అనుమతిని తెరచి కారణము అడుగువాడు, చేయకుండుటయే మేలైన శస్త్రచికిత్సను చేయలేదని శిష్యుని మెచ్చుకొనువాడు గురువు. అటువంటి బోధనకు పాఠ్యక్రమమున చోటు, పరీక్షలో ప్రశ్న ఉండిననే అది నిలుచును.

పెద్దలారా, ఇది వైద్య కళాశాలల పని, మనకేమి యనుకొనరాదు. ఉమ్మడి సొమ్మును కాపాడుట మన ప్రాంతమునకు తెలిసిన విద్యయే. చెన్నేకొత్తపల్లి కేంద్రముగా 1990 నుండి టింబక్టు కలెక్టివ్ వారు పనిచేయుచున్నారు. వారి తోడ్పాటుతో మన ఆడబిడ్డలు పొదుపు సహకార సంఘములు నడపుచున్నారు. సంఘపు సొమ్ము అందరిదియు గనుక ప్రతి రూపాయికి లెక్క అడుగుట వారికి సిగ్గు కాదు. ఆసుపత్రిలో అడుగుటకు మనకేల సిగ్గు? మీ యింటి రోగిని చూచు యువ వైద్యుని మర్యాదగా మూడు ప్రశ్నలు అడుగుడు. ఈ చికిత్స చేయకపోయిన ఏమగును? దీనికి కార్డు వర్తించునా, వర్తింపనిచో ఎవరికి విన్నవించుకొనవలెను? ఇంటికి పోయిన పిమ్మట మా ఊరి ఆరోగ్య కేంద్రమున మేమేమి చేయించుకొనవలెను?

అడిగినందులకు మంచి వైద్యుడు కోపింపడు. ఉత్తరము తెలియని వైద్యుడు ఆ రాత్రి గురువును అడిగి తెలిసికొనును. ఇట్లు పదిమంది అడిగినచో పదకొండవ రోగికి అడుగకుండగనే చెప్పుట అతనికి అలవడును. గ్రంథములలో లేని పాఠమును పల్లెవారు అతనికి నేర్పినవారగుదురు. ఆ పాఠము నేర్చినవాడు రేపు ఏ పట్టణమున ఎంతటి వైద్యుడైనను, తన చేతిలోనున్నది ఒకరి సొమ్ము కాదు, అందరి సొమ్మని మరువడు.